బస్టాపులో కనబడని వాళ్లు

ప్యాంటు నడుము దగ్గర బిగుసుకుపోయిందని వచ్చే మగవాళ్లందరూ ఒకే మాట చెబుతారు: ఉతికితే ముడుచుకుపోయింది. కొట్టావిడ ఆ ప్యాంటు అందుకుని, తిరగేసి, కాళ్ల పొడుగు మీద టేపు వేస్తుంది.

"ముడుచుకుపోయే బట్ట నడుము దగ్గరే ముడుచుకుని కాళ్ల దగ్గర ఊరుకుందా అన్నయ్యా? పొడుగు ఇసుమంతైనా తగ్గలేదు."

వచ్చినాయన పొట్ట లోపలికి పీల్చుకుంటాడు.

"పీల్చకండి. కొలత తప్పొస్తే మళ్లీ నన్నే తిడతారు."

ఆవిడది కొత్త బట్టలు కుట్టే కొట్టు కాదు. ఉన్న బట్టల్ని మారిన ఒంటికి సరిచేసే కొట్టు. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, నిలువుటద్దం, దాని పక్కన తొడిగి చూసుకోడానికి ఒక తెర. గోడకి రంగురంగుల దారపు కండెలు. షట్టరు ఎత్తితే ఎదురుగా బస్టాపు. బస్సు దిగినవాళ్లు చేతిలో సంచీతో నేరుగా లోపలికి వచ్చేస్తారు. బస్సు కోసం నిలబడినవాళ్లు వాన పడితే లోపలికి వస్తారు, వచ్చాక ఊరికే నిలబడటం బాగోక చొక్కా బొత్తాం కుట్టించుకుంటారు. కొట్టు నడుస్తున్నదంటే సగానికి పైగా ఆ స్టాపు చలవే. ఈ సంగతి ఆవిడ దాచుకోదు.

వీధిలో ఆవిణ్ణి "అయితే అక్క" అంటారు. ఎవరేం చెప్పినా చివర "అయితే?" అని తగిలించడం ఆవిడ అలవాటు. మంచినీళ్ల పైపు పగిలింది కాబట్టి కౌన్సిలర్ దిగిపోవాలని ఎవరైనా ఆవేశపడితే, "అయితే? పైపు ఆయన పగలగొట్టాడా, పగిలాక బాగుచేయించలేదా? రెంటిలో ఏది మీ కోపం?" అంటుంది. ఈ పద్ధతి కొందరికి వినోదం, కొందరికి ఒళ్లుమంట. ప్రజల తీర్పు ఎప్పుడూ తప్పు కాదని సభల్లో చెబుతుంటారు. ఇన్నేళ్లుగా ప్రజల నడుములు కొలుస్తున్న మనిషి ఆ మాట నమ్మలేదు. అలాగని జనం అమాయకులనీ నమ్మలేదు. తన పొట్ట గురించి అబద్ధమాడే పెద్దమనిషే, కుట్టులో దారం ఒక్క వరస పక్కకి జరిగితే ఇట్టే పట్టేస్తాడు. తనకి నష్టమున్న చోట ఎవరి బుర్రైనా చురుగ్గా పనిచేస్తుంది, లాభమున్న చోట మొద్దుబారుతుంది. ఇది ఆవిడ సిద్ధాంతం. అది తనకీ వర్తిస్తుందని మాత్రం ఆవిడ ఆలోచించినట్టు లేదు.

స్టాపు సంగతి తెచ్చినవాడు ఆవిడ తమ్ముడు. అదే వరసలో స్విచ్చులు, బల్బులు, వైర్లు అమ్ముతాడు. దుకాణదారుల సంఘానికి కార్యదర్శి. వచ్చే ఎన్నికల్లో కౌన్సిలర్ మీద నిలబడతాడని అందరికీ తెలుసు. ఆ కౌన్సిలర్‌కి మరీ బాగా తెలుసు. ఒక మధ్యాహ్నం అక్క కొట్టుకొచ్చి ఇస్త్రీ బల్ల మీద కూర్చోబోయాడు.

"వేడిగా ఉంది, కాలుద్ది" అంది ఆవిడ తలెత్తకుండా.

వాడు స్టూలు లాక్కున్నాడు. "స్టాపు తీసి వీధి కింది చివర ఆసుపత్రి గేటు ముందు పెడతారట. కౌన్సిలర్ వార్డు సభలో చేతులెత్తించి తేలుస్తామంటున్నాడు. మనం ఆపాలి. నువ్వు మాట్లాడాలి."

"నేనెందుకు? సంఘం నీది."

"నేను మాట్లాడితే స్విచ్చులమ్ముకునేవాడికి ఏం తెలుసంటారు. నువ్వయితే నోరు మూసుకుని వింటారు. అవతలవాళ్లని నువ్వు కడిగేస్తావని భయం."

ఆ వీధి ఏటవాలుది. పైన బజారు, కింద ఆసుపత్రి, మధ్యలో ఇళ్లు. బస్సు పై చివరే ఆగుతుంది. ఆవిడ చేతిలో లంగా పక్కన పెట్టి, "సరే, నీ దగ్గరున్న వాదనలేంటో చెప్పు. సభలో వాళ్లు చింపేలోగా నేను చింపుతా" అంది.

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "ఒకటి. వెనక వీధిలో స్టాపు మార్చాక మూడు కొట్లు మూతపడ్డాయి."

"ఏ మూడు?"

"జిరాక్సు, బేకరీ, చెప్పుల కొట్టు."

"జిరాక్సు అతను స్టాపు మారకముందే మూసేశాడు. కళ్లు పోయి. మూసేరోజు నా దగ్గరే కూర్చుని ఏడ్చాడు. బేకరీవాడు ఇంకా పెద్ద కొట్లోకి మారాడు, నువ్వు ప్రారంభోత్సవానికి వెళ్లి కేకు తిన్నావు. మిగిలింది చెప్పుల కొట్టు. అదైనా స్టాపు వల్లే పోయిందని ఎవరికి తెలుసు? ఆ చెప్పులు నువ్వు తొడిగావా ఎప్పుడైనా?"

తమ్ముడు చెప్పుల మాట దాటేశాడు. "రెండు. ఆసుపత్రి ఎదురుగా మందుల కొట్టు కౌన్సిలర్ బామ్మర్దిది. స్టాపు వాడి గుమ్మంలో పెట్టడానికే ఈ నాటకమంతా."

"ఉండొచ్చు. అయితే? బామ్మర్ది కొట్టు అక్కడుందని ఆ ప్రతిపాదన చెడ్డదైపోతుందా? మన కొట్లు ఇక్కడున్నాయనేగా మనం అడ్డుపడుతున్నాం. ఆయన స్వార్థం చూపించి ఆయన మాట కొట్టేస్తే, అదే కర్రతో మనల్నీ కొడతారు."

"నువ్వు నా అక్కవా, ఆయన అక్కవా?"

"మూడోది చెప్పు."

మూడోది చెప్పేటప్పుడు వాడి మొహం వెలిగింది. సంఘం మనుషులు వారం పొడుగునా సాయంత్రాలు స్టాపులో నిలబడి, బస్సెక్కేవాళ్లనీ దిగేవాళ్లనీ ఒక్కొక్కరినే అడిగారు: స్టాపు ఇక్కడుండాలా, కిందికి పోవాలా? దాదాపు అందరూ ఇక్కడే ఉండాలన్నారు. తేడాగా చెప్పినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అయితే అక్క ఈసారి "అయితే?" అనలేదు.

"ఇది గట్టిది" అంది. "స్టాపు ఎవరి కోసం? బస్సెక్కేవాళ్ల కోసం. వాళ్లనే అడిగారు. మా కొట్టుకొచ్చేవాళ్లు కూడా ఇదే మాట అంటున్నారు. మొదటి రెండూ అవతల పారెయ్. ఇదొక్కటి చాలు, నేను మాట్లాడతా."

తమ్ముడు లేచి కాలరెగరేసుకుంటూ వెళ్లిపోయాడు. ఆవిడ ఆ పూటంతా మిషన్ తొక్కుతూ సభలో ఏం మాట్లాడాలో మనసులో కుట్టుకుంది. సంతోషంగానే ఉంది.

ఆ సంతోషం సాయంత్రం కూరగాయలు తరిగేవేళ దాకా నిలిచింది. ఇల్లు వీధికి కింది సగంలో ఉంది, రెండో అంతస్తు. అత్తగారు బల్ల దగ్గర కూర్చుని బెండకాయలు తుడుస్తున్నారు. మోకాళ్లు ఎక్కువ దూరం నడవనివ్వవు గానీ నోటికి ఏ రోగమూ లేదు. కోడలు స్టాపు వ్యవహారం పూసగుచ్చినట్టు చెప్పింది. తమ్ముడి వాదనలు రెండు ఎలా చింపి పోగులు పెట్టిందో కూడా చెప్పింది.

అత్తగారు అంతా విన్నారు. "నన్నెవరూ అడగలేదే" అన్నారు.

"స్టాపులో ఉన్నవాళ్లని అడిగారు అత్తయ్యా. బస్సెక్కేవాళ్లని."

"నేను ఆ స్టాపుకెక్కి రెండేళ్లు దాటింది. ఆ ఏటవాలు నేనెక్కలేను. కింద ఆసుపత్రి దాకా అయితే నాలుగడుగులే కాబట్టి మెట్లు దిగి మెల్లగా పోయొస్తా. మా అక్క ఊరికి పోవడం మానేశా. బస్సు కిందికొస్తే నేనూ ఎక్కేదాన్నే."

"మరి ఈ మాట ఇన్నాళ్లూ ఎప్పుడూ అనలేదేం?"

"నువ్వడిగావా? నువ్వడిగేది నీ కొట్టుకొచ్చినవాళ్లని. నేను నీ కొట్టుకి కూడా రాలేనుగా."

కోడలి చేతిలో కత్తి ఆగింది. స్టాపు దాకా వెళ్లగలిగినవాళ్లని స్టాపులో నిలబెట్టి, ఈ స్టాపు మీకు బాగుందా అని అడిగారు. బాగుండనివాళ్లు అక్కడెందుకుంటారు? పెళ్లికొచ్చినవాళ్లని భోజనాల దగ్గర పట్టుకుని, మిమ్మల్ని పిలవడం మర్చిపోయారా అని అడిగినట్టుంది. సంఘం ఈ తప్పు చేసిందంటే చేసింది. ఊళ్లోవాళ్ల మాటలన్నీ తిరగేసి చూసే మనిషి దీన్ని మాత్రం పైనుంచి చూసి, గట్టిదని మెచ్చుకుని పంపించింది. ఎందుకంటే అది తన కొట్టుకి అనుకూలంగా ఉంది. మరో కారణం లేదు.

"నా బుర్ర ఎక్కడ పెట్టుకున్నానో" అంది.

"గుమ్మం ముందు స్టాపులో పెట్టుకున్నావు" అన్నారు అత్తగారు.

అన్నం గిన్నె కడుగుతున్న భర్త వెనక్కి తిరక్కుండా, "నన్నేం అడక్కండి. నేనిద్దరితోనూ కలిసి బతకాలి" అన్నాడు.

ఒక్క ముసలావిడ మోకాళ్లు చూసి ఊరి బస్సు తిప్పరు. అత్తగారి మాట నిజమే; కానీ ఆ మాట ఎందరిదో తేలాలి. ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి అడగొచ్చు గానీ, అక్కడ అడిగితే ఆసుపత్రికొచ్చినవాళ్ల జవాబే వస్తుంది. సంఘం చేసిన తప్పు కింది చివర చేసినట్టవుతుంది. అందుకని ఆదివారం కొట్టు మూసి, తన వీధిలో ఇళ్ల తలుపులు వరసగా కొట్టింది. తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ అనలేదు, పైవాళ్లూ కిందివాళ్లూ అనలేదు. స్టాపు ఎక్కడుండాలని అసలు అడగలేదు. బస్సెక్కుతారా, ఎక్కకపోతే ఎందుకెక్కరు, ఎక్కేవాళ్లకి ఇంకాస్త నడవాల్సొస్తే ఏమవుతుంది, ఇవే అడిగింది.

ఒక ఇంట్లో చంటిపిల్లని ఎత్తుకున్న అమ్మాయి, "ఏటవాలు ఎక్కడం నాకు పర్లేదు పిన్నీ. దిగేటప్పుడే భయం. వాన పడితే కాలు జారుద్ది. అందుకే వెళ్లను" అంది. ఇంకో ఇంట్లో ఆపరేషన్ అయినాయన తలుపు తీయడానికే చాలాసేపు పట్టింది. తీశాక వేరే చెప్పనక్కర్లేకపోయింది. కాలేజీ పిల్లలు, "ఎక్కడ పెట్టినా ఒకటే, పరిగెత్తుతాం" అన్నారు. పై చివర ఇళ్లవాళ్లు కొందరు మూతి ముడిచారు. ఎందుకని గుచ్చితే, ఇప్పుడు ఇంటి ముందే ఉంది కాబట్టి అన్నారు. అది కూడా కారణమే. ఆవిడ దాన్ని కొట్టిపారేయలేదు. కానీ మార్పు వల్ల ఒకరికి కాస్త నడక పెరుగుతుంది, ఇంకొకరికి అసలు ప్రయాణమే వీలవుతుంది. రెంటినీ పక్కపక్కన పెడితే ఎటు మొగ్గాలో కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. తన కొట్టు ఉన్నది మొగ్గని వైపు.

సభకి ముందురోజు తమ్ముడి కొట్టుకి వెళ్లి చెప్పింది. వాడు చేతిలో వైరు చుట్ట బల్ల మీద పడేశాడు.

"ఆదివారం ఇళ్లు తిరుగుతుంటే మన కోసం ప్రచారం చేస్తున్నావనుకున్నా. అందరికీ చెప్పా."

"చెప్పేముందు నన్నడగాల్సింది."

"నీ బేరం పోతుందక్కా. నా బేరం కాదు, నీది. నాకు బల్బు కావాల్సినవాడు ఎక్కణ్ణుంచైనా వస్తాడు. బొత్తాం ఊడినవాడు ఏటవాలెక్కి నీ దగ్గరకొస్తాడా?"

"రాడు. తెలుసు."

"మరెందుకు? ఎవరు మెచ్చుకుంటారని?"

"మెచ్చుకోవడం కోసమైతే వేరే పని చేసేదాన్ని. నువ్వు నన్ను మాట్లాడమన్నావు. మాట్లాడితే తెలిసింది చెప్పాలి. వద్దంటావా, రాను."

రావద్దంటే ఊరంతా ఎందుకు రాలేదని అడుగుతుంది. వాడు వైరు చుట్ట మళ్లీ అందుకున్నాడు. "వచ్చి నీ ఇష్టమొచ్చినట్టు ఏడువు" అన్నాడు చివరికి.

సభ బడి హాల్లో జరిగింది. పిల్లల బెంచీల మీద పెద్దవాళ్లు మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. కౌన్సిలర్ గారు ముందు మాట్లాడారు. పోయిన వానాకాలం పాత స్టాపు దగ్గర మోటార్ సైకిల్ మీంచి ఒకాయన పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడనీ, అది ప్రమాదకరమైన చోటనడానికి ఇంతకన్నా రుజువేం కావాలనీ అన్నారు. ఈ మార్పుకి అడ్డుపడేవాళ్లు అభివృద్ధికే అడ్డన్నారు. ఆయన మనుషులు చప్పట్లు కొట్టారు. తర్వాత తమ్ముడు లేచి, అక్క చింపేసిన రెండు వాదనలనీ మళ్లీ అతికించి చదివాడు. ఈసారి సంఘం మనుషులు చప్పట్లు కొట్టారు. అయితే అక్క లేచేసరికి ఎవరూ కొట్టలేదు. ఎవరి మీద పడుతుందోనని రెండు వైపులా చూస్తున్నారు.

"కౌన్సిలర్ గారూ, ఆ బండాయన పడ్డది నా కొట్టు ముందే. నేనే లేపి కూర్చోబెట్టా. రోడ్డు మీద నూనె ఒలికింది. అప్పుడు బస్సూ లేదు, స్టాపులో మనుషులూ లేరు. స్టాపు లేకపోయినా ఆయన పడేవాడే. ఆ మాట తీసేయండి. ఇక అడ్డుపడేవాళ్లంతా అభివృద్ధికి అడ్డన్నారు. ఏమడిగినా ఆ మాటే అంటే ఇంక ఈ సభెందుకు, మీరే ఉత్తరువు ఇచ్చేస్తే పోయేదిగా."

వెనక బెంచీల్లో నవ్వులు. కౌన్సిలర్ గారు కూడా నవ్వక తప్పలేదు.

"ఇక మావాళ్ల సంగతి" అని ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది. వాడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మూడు కొట్ల కథ చెప్పింది. బామ్మర్ది కథ చెప్పింది. "మిగిలింది స్టాపులో అడిగి తెచ్చిన జవాబులు. ఆ వాదన నేను కూడా గట్టిదనుకున్నా. తప్పు. స్టాపుకి రాగలిగినవాళ్లనే అడిగాం. రాలేనివాళ్లు ఇళ్లల్లో ఉన్నారు, మా అత్తగారితో సహా. ఆదివారం వాళ్లనీ అడిగా, మిమ్మల్నీ అడిగా." ఎక్కడ ఏం విన్నదో చెప్పింది, పై ఇళ్లవాళ్ల అభ్యంతరం కూడా దాచకుండా చెప్పింది. "నాకు తేలింది ఇది: కిందికి మారిస్తే కొందరికి కాస్త ఇబ్బంది, కొందరికి బస్సే కొత్తగా వస్తుంది. మార్చాలి. మారిస్తే నా కొట్టుకి దెబ్బ. అది నా గోల, మీ నిర్ణయంలో కలపకండి."

"మరి కొట్టు ఏం చేస్తావమ్మా?" అని ఎవరో అడిగారు.

"ఇంకా తెలీదు. అది తేల్చుకోడానికి మాత్రం మీ చేత చేతులెత్తించను."

చేతులెత్తారు. స్టాపు కిందికి పోయింది.

నిజం చెప్పినవాళ్లకి ఎలాగో మేలు జరుగుతుందని కథలు చెప్పేవాళ్లుంటారు. ఆవిడకి ఏ మేలూ జరగలేదు. కొట్టు ముందు బస్సులు ఆగకుండా పోయాయి. బేరం కళ్ల ముందే తగ్గింది. మిషన్ దగ్గర కూర్చుని గోడకున్న కండెలు సర్దిన పూటలున్నాయి. ఆవిడ కొత్త స్టాపు దగ్గర పళ్ల బండివాడితో మాట్లాడి, సరిచేయాల్సిన బట్టలు పొద్దున అతని దగ్గర పెడితే సాయంత్రానికి అక్కడికే తెచ్చిచ్చే ఏర్పాటు చేసుకుంది. దాంతో కొట్టు మూతపడకుండా ఆగింది, అంతే. అత్తగారు మాత్రం బస్సెక్కి తన అక్క ఊరికి పోయి నాలుగు రోజులుండి వచ్చారు. వచ్చి, బస్సులో సీట్లు బాలేవన్నారు.

తమ్ముడు మాట్లాడటం మానేశాడు. ఎదురుపడితే ఫోను తీసి చెవికి పెట్టుకునేవాడు. అలాంటివాడు ఒకనాడు పొద్దున్నే ఒక కరపత్రం ఊపుకుంటూ వచ్చి, దాన్ని ఇస్త్రీ బల్ల మీద కొట్టాడు.

"చూసుకో. నీ నిజాయితీ ఎవరికి పనికొచ్చిందో."

కౌన్సిలర్ గారి ఎన్నికల కరపత్రం. మధ్యలో పెద్దక్షరాలు: ప్రత్యర్థి సొంత అక్కే మెచ్చిన పాలన.

ఆవిడ రెండుసార్లు చదివింది. ఇస్త్రీపెట్టె స్విచ్చు తీసింది. షట్టరు దించి తాళం వేసి, ఏటవాలు దిగడం మొదలుపెట్టింది. తమ్ముడు వెనకే వచ్చాడు, గొడవ చూడాలన్న ఆశతో.

కౌన్సిలర్ గారి ఆఫీసులో నలుగురైదుగురు కుర్చీల్లో ఉన్నారు. ఆవిడ కరపత్రం ఆయన ముందు పెట్టింది. "మీ పాలన నేనెప్పుడు మెచ్చుకున్నాను?"

"స్టాపు మార్పు మంచిదన్నారు కదమ్మా, అందరి ముందూ."

"అన్నా. ఇప్పుడూ అంటా. స్టాపు మార్చడం మంచి పని. దాన్నిబట్టి మీ పాలనంతా మంచిదయిపోతుందా? పైపు ఇంకా కారుతూనే ఉంది. అదీ మీ పాలనే."

"ఎన్నికలప్పుడు మాట కాస్త సాగదీస్తాం. ఇదంతా మామూలే."

"మీ మాట మీరు సాగదీసుకుంటే సరే. ఇది వేరేవాళ్ల బట్ట. రేపటికల్లా 'స్టాపు మార్పుని మాత్రమే సమర్థించారు' అని మార్చి వేయండి. లేదా నా మాట మొత్తం తీసేయండి. రెండూ చేయకపోతే నేను మళ్లీ ఇళ్లు తిరుగుతా. ఈసారి పైపు గురించి."

కుర్చీల్లో ఉన్నవాళ్లు ఆవిడ ఇళ్లు తిరగడం చూసినవాళ్లే. కౌన్సిలర్ గారు కరపత్రం మడిచి సొరుగులో పెట్టి, "తీసేయిస్తానమ్మా" అన్నారు.

బయటికొచ్చాక ఎండ చుర్రుమంటోంది. కొత్త స్టాపు నీడలో కూర్చున్నారు ఇద్దరూ. తమ్ముడు చెప్పు ముక్కుతో నేల గీస్తూ అడిగాడు.

"నా కరపత్రంలో వేసుకోనా? అక్క నా వైపని."

"ఎందుకు నీ వైపు?"

"తమ్ముణ్ణి కాబట్టి."

"అది ఇంట్లో చెల్లుద్ది. అన్నం పెట్టడానికి చాలు. ఓటుకి ఇంకోటి చెప్పు."

"ఆయనకన్నా నేను మంచోణ్ణి."

"ఆయనెంత చెడ్డో చెప్పి నువ్వు మంచివాడివంటున్నావు. నీ సంగతి చెప్పు."

తమ్ముడు విసుక్కున్నాడు. లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. ఏటవాలు వైపు చూశాడు. "మన వీధిలో దీపాలు పైన దగ్గర దగ్గరగా ఉన్నాయి, కింద దూరం దూరంగా ఉన్నాయి. స్తంభాలు అప్పట్లో కొట్లని చూసి వేశారు. ఇప్పుడు జనం దిగేది ఇక్కడ. అవి ఎలా మార్చాలో నాకు తెలుసు. కొత్త స్తంభాలు కూడా అక్కర్లేదు."

"కింద చీకటిగా ఉందని ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు."

"అందరూ అంటే? నీ కొట్టుకొచ్చినవాళ్లా?"

బస్సొచ్చి ఆగింది. కర్ర పట్టుకున్న పెద్దాయన ఒకాయన మెల్లగా దిగి ఆసుపత్రి గేటు వైపు నడిచాడు. వెనక చంటిపిల్ల అమ్మాయి దిగి, ఆవిణ్ణి చూసి తల ఊపి ఇంటి దారి పట్టింది. తమ్ముడు లేచి ఆ అమ్మాయి వెనకే రెండడుగులేసి, "అమ్మాయ్, ఒక్క నిమిషం. సాయంత్రం ఇటు నడుస్తావా నువ్వు?" అని అడిగాడు.